పాత కంప్యూటరుపై తేలికపాటి లినక్స్: తొలిసారి మారేవారికి సమగ్ర మార్గదర్శి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు భద్రతా అప్‌డేట్లు అందే సాధారణ గడువు ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ఇంటెల్ యంత్రమైతే దాదాపు 8వ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసరు కావాలి. అందువల్ల 2010 నుంచి 2017 మధ్య కొన్న లాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు ఎన్నో చక్కగా పనిచేయగలిగి ఉండి కూడా ఇళ్లలో, చిన్న కార్యాలయాల్లో మూలన పడుతున్నాయి. అటువంటి యంత్రం మీ దగ్గర ఉంటే, విండోస్‌కు బదులుగా వేసుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ గురించి పేరు తప్ప మరేమీ తెలియకపోయినా, దానిని మళ్లీ రోజువారీ వాడకంలోకి తెచ్చుకునేందుకు చేయవలసిన పనులను ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. ఈ వరుసను పాటించడం ముఖ్యం. తొలిసారి మారేవారికి ఎదురయ్యే ఇబ్బందులలో చాలావరకు డిస్కు చెరిపివేసిన తరువాత ఆలోచించడం వల్ల వచ్చేవే. ఆ ఆలోచన ముందే పూర్తయితే స్థాపన (ఇన్‌స్టలేషన్) అరగంట, గంట పనికి మించదు.

ముందుగా తేల్చుకోవలసినది: మీ పని లినక్స్‌లో సాగుతుందా

ఇంటర్నెట్ చూడటం, బ్యాంకు పనులు, ప్రభుత్వ సేవల వెబ్‌సైట్లు, మెయిల్, ఆన్‌లైన్ తరగతులు, ఉత్తరాలు, లెక్కల పట్టికలు, పాటలు, వీడియోలు ఇవే మీ అవసరాలైతే సందేహించనక్కరలేదు. బ్రౌజరులో నడిచేదంతా లినక్స్‌లోనూ నడుస్తుంది. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను లిబ్రేఆఫీసు అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేరు తెరుస్తుంది. సాధారణ పత్రాల్లో తేడా కనిపించదు గాని, మాక్రోలతో నిండిన ఎక్సెల్ ఫైళ్లు, క్లిష్టమైన అమరిక గల వర్డ్ పత్రాలు అక్కడక్కడా చెదరవచ్చు.

తెలుగువారు ప్రత్యేకంగా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. డీటీపీ పని చేసేవారు అను స్క్రిప్ట్ మేనేజరు, పేజ్‌మేకరులపై ఆధారపడి ఉంటే ఆ యంత్రంలో విండోస్‌ను అలాగే ఉంచుకోవాలి. అను ఫాంట్లు యూనికోడ్ కావు కనుక ఆ ఫైళ్లు లినక్స్‌లో తెరిస్తే అర్థంలేని అక్షరాలుగా కనిపిస్తాయి. టాలీ మీద పద్దులు రాసేవారికీ, డిజిటల్ సంతకపు టోకెన్లతో టెండర్లు వేసేవారికీ, వేలిముద్ర పరికరాలు వాడే సేవా కేంద్రాల వారికీ ఇదే మాట వర్తిస్తుంది. వీరు పని యంత్రాన్ని కదిలించకుండా, ఇంట్లోని మరో పాత యంత్రంపై లినక్స్ మొదలుపెట్టడం మేలు.

ప్రింటరు సంగతి కూడా ఇప్పుడే చూడాలి. హెచ్‌పీ ప్రింటర్లకు ఆ సంస్థే రూపొందించిన హెచ్‌పీఎల్‌ఐపీ అనే సాఫ్ట్‌వేరు ఉండటం వల్ల అవి లినక్స్‌తో బాగా కలుస్తాయి. మన జిరాక్సు దుకాణాల్లోనూ కార్యాలయాల్లోనూ విరివిగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 మాత్రం క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో పనిచేస్తుంది. దానిని లినక్స్‌లో నడిపించడం కొత్తవారిని విసిగించే పని. మీ ఇంట్లో ఉన్నది అదే అయి, దానితో రోజూ అవసరం ఉంటే, మారే ముందు రెండుసార్లు ఆలోచించండి.

యంత్రాన్ని తెలుసుకోవడం

విండోస్ ఇంకా తెరుచుకుంటున్నప్పుడే కొన్ని వివరాలు రాసిపెట్టుకోవాలి. దిస్ పీసీ మీద కుడి నొక్కు నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే ప్రాసెసరు పేరు, ర్యామ్ పరిమాణం, సిస్టమ్ టైప్ కనిపిస్తాయి. సిస్టమ్ టైప్ వరుసలో ఆపరేటింగ్ సిస్టమ్ 32 బిట్లని రాసి ఉన్నా నిరుత్సాహపడవద్దు. అదే వరుసలో ప్రాసెసరు ఎక్స్64 అని ఉంటే అది 64 బిట్ల యంత్రమే. ఇంటెల్ కోర్ 2 డ్యుయో, ఆ తరువాత వచ్చిన కోర్ ఐ3, ఐ5, ఐ7 అన్నీ 64 బిట్లవే. చిన్న నెట్‌బుక్కులలో వచ్చిన ఆటమ్ ఎన్270 వంటివి మాత్రం 32 బిట్లకే పరిమితం.

తరువాత స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిస్తే బయోస్ మోడ్ (యంత్రం ఆన్ అయ్యేటప్పుడు మొదలయ్యే పద్ధతి) అన్నచోట లెగసీ అనో యూఈఎఫ్ఐ అనో ఉంటుంది. దీన్నీ రాసుకోండి. విండోస్‌ను ఉంచుకుని పక్కనే లినక్స్ వేయదలిస్తే రెండూ ఒకే మోడ్‌లో ఉండాలి.

చివరగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజరు తెరవండి. యంత్రం మొరాయిస్తున్న సమయంలో పెర్ఫార్మెన్స్ పుటలో ఏది నూరు శాతానికి చేరుతోందో గమనించండి. పాత యంత్రాల్లో చాలాసార్లు అది ప్రాసెసరు కాదు, డిస్కు. నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్కు ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. వందల చిన్న ఫైళ్లను అక్కడక్కడా వెతికి తేవలసి వచ్చినప్పుడు ఆ ఆలస్యమంతా కూడి నిమిషాలవుతుంది. దీనికి తోడు ర్యామ్ నిండిపోతే, మిగిలిన సమాచారాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అదే డిస్కు మీదకు తరలిస్తుంది. అప్పుడు మౌసు బాణం కూడా కదలదు. తేలికపాటి లినక్స్ ర్యామ్ మీద భారాన్ని గణనీయంగా తగ్గిస్తుంది, వెనుక నడిచే పనుల వల్ల డిస్కుపై పడే ఒత్తిడినీ తగ్గిస్తుంది. అయితే డిస్కు సహజ వేగాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పెంచలేదు.

కొద్దిపాటి ఖర్చుకు సిద్ధమైతే

పాత యంత్రం మీద పెట్టే తొలి రూపాయి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) మీదనే పెట్టాలని నా దృఢమైన అభిప్రాయం. 2010 నుంచి 2017 మధ్య వచ్చిన లాప్‌టాప్‌లలో చాలావాటికి 2.5 అంగుళాల శాటా ఎస్ఎస్‌డీ సరిగ్గా సరిపోతుంది. 240 లేదా 256 జీబీ పరిమాణం ఇంటి వాడకానికి చాలు. దీనితో మరొక లాభం ఉంది. తీసిన పాత హార్డ్ డిస్కును చెరపకుండా, దానిలోని విండోస్‌తో సహా అలాగే దాచిపెట్టుకోవచ్చు. లినక్స్ నచ్చకపోయినా, ఏదైనా ఫైలు మరచిపోయినా ఆ డిస్కును తిరిగి బిగిస్తే యంత్రం మునుపటిలాగే తెరుచుకుంటుంది. కొత్తవారికి ఇంతకంటే భద్రమైన వెనుదారి లేదు.

రెండవ రూపాయి ర్యామ్ మీద. కొనేముందు ఇప్పుడున్న ముక్క మీది అక్షరాలు చదవాలి. ఇంటెల్ 4వ తరం లాప్‌టాప్‌లు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ ర్యామ్‌ను అడుగుతాయి, సాధారణ డీడీఆర్3 వాటికి పనికిరాదు. మూత విప్పినప్పుడే ఫ్యాను దగ్గరి దుమ్ము దులిపించి, డెస్క్‌టాప్ అయితే మదర్‌బోర్డు మీది సీఆర్2032 నాణెపు బ్యాటరీ కూడా మార్చండి. ఆ బ్యాటరీ అయిపోతే యంత్రం ఆపినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పితే బ్రౌజరు భద్రతా ధ్రువపత్రాలను నమ్మక, ప్రతి వెబ్‌సైటుకూ హెచ్చరిక చూపుతుంది. ఎంతోమంది దీనిని లినక్స్ లోపమని పొరబడతారు.

ఏ లినక్స్ ఎంచుకోవాలి

వందల రకాల లినక్స్ పంపిణీలు ఉన్నాయి. వాటిని డిస్ట్రోలు అంటారు. వాటన్నిటి మధ్య ఊగిసలాడటంలోనే కొత్తవారి ఉత్సాహం కరిగిపోతుంది. ఎంపికకు నిజంగా లెక్కలోకి వచ్చేవి రెండే: ర్యామ్ ఎంత, ప్రాసెసరు ఎన్ని బిట్లది.

4 జీబీ లేదా అంతకు మించిన ర్యామ్, 64 బిట్ల ప్రాసెసరు ఉంటే లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో వచ్చే ఎడిషను తీసుకోండి. మింట్ 2006 నుంచి వస్తున్న డిస్ట్రో. ఇప్పటి 22వ శ్రేణి ఉబుంటు అనే మరో డిస్ట్రో 24.04 వెర్షను పునాదిపై నిర్మితమైనది, 2029 ఏప్రిల్ వరకు భద్రతా అప్‌డేట్లు అందుకుంటుంది. మింట్ వారు చెప్పే కనీస అవసరం 2 జీబీ ర్యామ్, 20 జీబీ స్థలం. సుఖంగా పనిచేయడానికి 4 జీబీ కావాలని వారే అంటారు, అది నిజమైన మాట. సినమన్ అనే మరో ఎడిషను మరింత అందంగా ఉంటుంది గాని, పాత గ్రాఫిక్సు ఉన్న యంత్రానికి ఎక్స్‌ఎఫ్‌సీఈయే తగినది. విండోస్ 7 వాడినవారికి దీని కింది పట్టీ, ఎడమ మూలన మెనూ వెంటనే అలవాటవుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా అప్‌డేట్లు, డ్రైవర్లు, సాఫ్ట్‌వేరు స్థాపన అన్నీ మౌసుతో చేయవచ్చు, నల్ల తెర మీద ఆజ్ఞలు టైపు చేయవలసిన అవసరం అరుదుగా వస్తుంది. ఈ మార్గదర్శిలోని మిగతా భాగమంతా దీనినే దృష్టిలో పెట్టుకుని రాశాను.

ర్యామ్ 2 జీబీయే ఉండి పెంచే వీలు లేకపోతే ఎల్‌ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్‌తో వచ్చే లుబుంటు గాని, అంతకంటే తేలికైన యాంటిఎక్స్ గాని చూడండి. యాంటిఎక్స్ డెబియన్ అనే మరో డిస్ట్రో పునాదిపై గ్రీసు దేశంలో పుట్టిన డిస్ట్రో. 512 ఎంబీ ర్యామ్ గల యంత్రాలను కూడా దృష్టిలో పెట్టుకుని తయారుచేసినది. దాని రూపం మొరటుగా ఉంటుంది, మెనూలు అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది.

32 బిట్ల యంత్రాల విషయంలో నిర్మొహమాటంగా చెప్పాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ల పీసీలకు స్థాపన మాధ్యమం ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్ కూడా 144వ వెర్షను తరువాత 32 బిట్ల లినక్స్‌కు మద్దతు ఆపివేసింది. క్రోమ్ 2016లోనే మానుకుంది. డెబియన్ 12 ఆధారంగా వచ్చిన యాంటిఎక్స్ 23తో అటువంటి యంత్రాన్ని రాతపనికీ, పాటలకూ, పిల్లలు టైపింగు నేర్చుకోవడానికీ వాడుకోవచ్చు. బ్యాంకు పనికి మాత్రం దానిని నమ్ముకోవద్దు.

సమాచారాన్ని భద్రపరచడం

ఫొటోలు, పత్రాలు, డౌన్‌లోడ్లు, డెస్క్‌టాప్ మీది ఫైళ్లు బయటి హార్డ్ డిస్కులోకి నకలు చేయండి. చేసిన తరువాత ఆ డిస్కును మరో కంప్యూటరుకు తగిలించి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని నకలును నకలుగా లెక్కపెట్టకూడదు. బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులు, బుక్‌మార్కులు ఖాతాతో సింక్ అయి ఉన్నాయో లేదో సరిచూడండి. విండోస్ డిస్కు బిట్‌లాకరుతో తాళం వేసి ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. పన్ను రిటర్నులు, చదువుల ధ్రువపత్రాల స్కాన్లు జనం తరచుగా సి డ్రైవులోని ఏదో మారుమూల ఫోల్డరులో మరచిపోతారు. అందుకే పీడీఎఫ్ ఫైళ్లన్నిటినీ ఒకసారి వెతికి చూడటం మంచిది.

పెన్‌డ్రైవ్ తయారీ

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కావాలి, అందులోని ఫైళ్లన్నీ పోతాయి. లినక్స్ మింట్ అధికారిక వెబ్‌సైటు నుంచి ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషను ఐఎస్ఓ ఫైలు (స్థాపనకు కావలసినదంతా ఉన్న ఒకే ఫైలు) దించుకోండి. అది సుమారు 3 జీబీ ఉంటుంది. అదే పుటలో ఎస్‌హెచ్‌ఏ256 అనే పొడవైన సంఖ్యను ఇస్తారు. ఫైలు దారిలో చెడిపోలేదని తెలుసుకోవడానికి అదే ఆధారం.

విండోస్‌లో రూఫస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము తెరవండి. మీది విండోస్ 7 అయితే రూఫస్ 3.22 వెర్షను తీసుకోవాలి, ఆ తరువాతివి అందులో పనిచేయవు. ఐఎస్ఓ ఫైలును ఎంచుకున్నాక దాని పక్కనున్న టిక్కు గుర్తు నొక్కితే రూఫస్ ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యను లెక్కగట్టి చూపుతుంది. వెబ్‌సైటులోని సంఖ్యతో మొదటి, చివరి ఏడెనిమిది అక్షరాలు పోల్చి చూడండి. తేడా ఉంటే మళ్లీ దించుకోవాలి. ఈ మెట్టు దాటవేసినవారికి స్థాపన మధ్యలో కారణం తెలియని లోపాలు ఎదురవుతుంటాయి. పార్టిషన్ స్కీమ్ దగ్గర పాత యంత్రాలకు ఎంబీఆర్ ఎంచుకోండి. స్టార్ట్ నొక్కాక రూఫస్ ఏ పద్ధతిలో రాయాలని అడిగితే ఐఎస్ఓ పద్ధతి ఎంచుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌తో యంత్రం తెరుచుకోకపోతే రెండవసారి డీడీ పద్ధతిలో రాయండి.

స్థాపించకుండానే పరీక్షించడం

పెన్‌డ్రైవ్ తగిలించి యంత్రాన్ని ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ మీటను పలుమార్లు తట్టాలి. డెల్, లెనోవో యంత్రాలలో చాలావరకు ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 లేదా ముందు ఎస్కేప్, అసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్ పనిచేస్తాయి. ఏసరులోనూ ఎఫ్12యే గాని, ముందుగా ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఆ మెనూను ఎనేబుల్ చేయవలసి ఉంటుంది. కొన్ని లెనోవో లాప్‌టాప్‌ల పక్కన నోవో అనే సూది మొనంత చిన్న బటన్ ఉంటుంది, యంత్రం ఆపి ఉన్నప్పుడు దానిని నొక్కాలి.

మెనూలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే మింట్ నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. మీ డిస్కును అది ముట్టుకోదు. తెర నల్లగా ఆగిపోతే, మళ్లీ మొదలుపెట్టి కంపాటిబిలిటీ మోడ్ అనే వరుసను ఎంచుకోండి. పాత గ్రాఫిక్సు చిప్పులకు ఇది తరచుగా దారి చూపుతుంది.

ఈ దశలో వేగాన్ని బట్టి తీర్పు చెప్పవద్దు, పెన్‌డ్రైవ్ నుంచి నడిచేది ఎప్పుడూ నెమ్మదే. చూడవలసినవి వేరే ఉన్నాయి. వైఫై పట్టికలో మీ ఇంటి నెట్‌వర్కు కనిపిస్తోందా, స్పీకర్లలో శబ్దం వస్తోందా, తెర వెలుతురు మీటలు, టచ్‌ప్యాడు, కెమెరా పనిచేస్తున్నాయా, లాప్‌టాప్ మూత మూసి తెరిస్తే తిరిగి మేలుకుంటోందా, ప్రింటరును గుర్తించిందా అన్నవాటిని ఒక్కొక్కటిగా పరీక్షించండి. వైఫై కనిపించకపోతే కారణం చాలాసార్లు బ్రాడ్‌కామ్ చిప్పు అవుతుంది. దానికి డ్రైవరు విడిగా కావాలి. ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దానిని తీగ నెట్‌వర్కుగా వెంటనే గుర్తిస్తుంది. ఆ నెట్‌తో డ్రైవర్ మేనేజరు తెరిచి బ్రాడ్‌కామ్ డ్రైవరు వేసుకోవచ్చు. ఫోను, తీగ ఉన్నంతవరకు వైఫై లేదని ఎవరూ వెనుదిరగనక్కరలేదు.

ఇంకొక పరీక్ష తప్పనిసరి. మెనూలో డిస్క్స్ అనే ప్రోగ్రాము తెరిచి, హార్డ్ డిస్కును ఎంచుకుని, డిస్కు ఆరోగ్యం తెలిపే స్మార్ట్ సమాచారం చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్ కౌంట్ (డిస్కులో చెడిపోయిన భాగాల లెక్క) దగ్గర సంఖ్య పెద్దగా ఉంటే, లేదా డిస్కు విఫలమవుతోందన్న హెచ్చరిక ఉంటే, ఆ డిస్కు మీద స్థాపించవద్దు. లినక్స్ ఎంత మంచిదైనా చచ్చుబడుతున్న డిస్కు మీద నిలవదు.

స్థాపన

ఒక మాట ముందే నిర్ణయించుకోవాలి: విండోస్‌ను ఉంచాలా, తీసివేయాలా. ఎస్ఎస్‌డీ కొత్తగా వేసి పాత డిస్కును పక్కన పెట్టినవారికి ఈ ప్రశ్నే లేదు. ఒకే డిస్కుతో రెండూ ఉంచుకోదలిస్తే, విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారా సి డ్రైవును కుదించి కనీసం 40 జీబీ ఖాళీ చేయాలి. పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపాలి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా మూసుకోదు, లినక్స్ నుంచి ఆ డ్రైవులోకి ఫైళ్లు రాయడం కుదరదు. నా సలహా అడిగితే, విండోస్‌తో తప్పనిసరి పని లేనివారు పాత యంత్రంలో రెండింటినీ పెట్టుకోకపోవడమే మంచిది. ఉన్న కొద్ది స్థలం చీలిపోతుంది, ఏ చిన్న ఇబ్బంది వచ్చినా పాత అలవాటు వైపు మనసు లాగుతుంది.

లాప్‌టాప్‌ను చార్జరుకు తగిలించి, డెస్క్‌టాప్ మీది ఇన్‌స్టాల్ లినక్స్ మింట్ గుర్తును తెరవండి. భాష, కీబోర్డు ఎంచుకున్నాక మల్టీమీడియా కోడెక్స్ గడిలో టిక్కు పెట్టండి. అది లేకపోతే కొన్ని వీడియోలు ఆడవు. తరువాత వచ్చే ఇన్‌స్టలేషన్ టైప్ పుట ఒక్కటే జాగ్రత్తగా చదవవలసినది. ఎరేజ్ డిస్క్ అన్నది డిస్కు మొత్తాన్ని చెరుపుతుంది. ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్ అన్నది విండోస్ పక్కన చోటు చేసుకుంటుంది. సమ్‌థింగ్ ఎల్స్ అన్నదాని జోలికి తొలిసారి వెళ్లవద్దు. యంత్రంలో రెండు డిస్కులుంటే, ఏది చెరుపుతున్నారో పరిమాణాన్ని బట్టి నిర్ధారించుకోండి. బయటి బ్యాకప్ డిస్కు ఇంకా తగిలించి ఉంటే ఇప్పుడే తీసివేయండి.

పటం మీద కోల్‌కతాను ఎంచుకుంటే భారత కాలమానం వస్తుంది. పేరు, పాస్‌వర్డు ఇవ్వండి. సాఫ్ట్‌వేరు వేసిన ప్రతిసారీ ఈ పాస్‌వర్డు అడుగుతుంది కనుక మరచిపోనిది పెట్టుకోవాలి. హోమ్ ఫోల్డరును ఎన్‌క్రిప్ట్ చేయాలా అన్న గడి బయట తిప్పే లాప్‌టాప్‌కు ఉపయోగమే గాని, కోర్ 2 డ్యుయో కాలపు ప్రాసెసర్లలో ఆ పనికి ప్రత్యేక వసతి లేనందువల్ల వేగం తగ్గుతుంది. స్థాపన పూర్తయ్యాక రీస్టార్ట్ చేసి, చెప్పినప్పుడు పెన్‌డ్రైవ్ తీయండి.

తొలిరోజు చేయవలసిన పనులు

మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే స్వాగత తెరలో ఫస్ట్ స్టెప్స్ అనే పుట ఉంటుంది. అందులోని వాటిలో మూడు ముఖ్యం. మొదటిది టైమ్‌షిఫ్ట్. సిస్టమ్ ఇప్పుడున్న స్థితిని దాచి, తరువాత ఏదైనా చెడితే వెనక్కి తెస్తుంది. ఆర్‌సింక్ పద్ధతి ఎంచుకుని వారానికొకటి చొప్పున రెండు స్నాప్‌షాట్లు ఉండేలా పెట్టండి, అంతకు మించితే చిన్న డిస్కు నిండిపోతుంది. రెండవది అప్‌డేట్ మేనేజరు. తొలి అప్‌డేట్లు వందల ఎంబీలు ఉంటాయి, ఫోను డేటా మీద కాకుండా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద చేసుకోండి. దగ్గరి సర్వరును ఎంచుకోమని అది అడిగినప్పుడు వేగంగా స్పందించేదాన్ని ఎంచుకుంటే సమయం కలిసివస్తుంది. మూడవది డ్రైవర్ మేనేజరు.

యాంటీవైరస్ వేయాలా అని చాలామంది అడుగుతారు. ఇంటి వాడకానికి అవసరం లేదు. సాఫ్ట్‌వేరు మేనేజరు నుంచి తప్ప బయటి వెబ్‌సైట్ల నుంచి ప్రోగ్రాములు దించుకోకపోవడమే అసలు రక్షణ.

ఇక తేలిక చేసే మార్పులు. సెట్టింగ్స్‌లో విండో మేనేజర్ ట్వీక్స్ తెరిచి, కంపోజిటర్ పుటలో డిస్‌ప్లే కంపోజిటింగ్ ఆపితే నీడలు, పారదర్శకత పోయి పాత గ్రాఫిక్సు చిప్పు ఊపిరి పీల్చుకుంటుంది. సెషన్ అండ్ స్టార్టప్‌లో యంత్రంతోపాటు మొదలయ్యేవాటిలో మీకు అక్కరలేనివి, ఉదాహరణకు బ్లూటూత్ లేని యంత్రంలో బ్లూటూత్ యాప్లెట్, తీసివేయండి. ర్యామ్ 4 జీబీ లేదా తక్కువైతే సినాప్టిక్ ప్యాకేజ్ మేనేజరులో జడ్‌ర్యామ్ కాన్ఫిగ్ అనే ప్యాకేజీ వేసి రీస్టార్ట్ చేయండి. ర్యామ్ నిండినప్పుడు సమాచారాన్ని డిస్కు మీదకు తోసేముందు ర్యామ్‌లోనే కుదించి పెడుతుంది. హార్డ్ డిస్కు ఉన్న యంత్రంలో ఈ మార్పు తేడా స్పష్టంగా తెలుస్తుంది.

తెలుగులో చదవడం, రాయడం

తెలుగు వెబ్‌సైట్లు ఏ మార్పూ చేయకుండానే సరిగ్గా కనిపిస్తాయి. గౌతమి ఫాంటుతో రాసిన పాత వర్డ్ పత్రాలు వేరే ఫాంటులో తెరుచుకుంటాయి, అక్షరాలు మాత్రం పోవు. పోతన, వేమన ఫాంట్లు కావాలనుకునేవారు సినాప్టిక్‌లో ఫాంట్స్ తెలు ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీని వేసుకోవచ్చు.

టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ అలవాటున్నవారికి అదనంగా ఏమీ అక్కరలేదు. సెట్టింగ్స్‌లో కీబోర్డు తెరిచి, లేఅవుట్ పుటలో తెలుగును కలుపుకుంటే చాలు. లేఖినిలోలాగా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవారు ఐబస్ అనే టైపింగు సాధనం, దాని ఎం17ఎన్ భాగం రెండూ సాఫ్ట్‌వేరు మేనేజరు నుంచి వేసుకోవాలి. తరువాత సెట్టింగ్స్‌లోని ఇన్‌పుట్ మెథడ్ దగ్గర ఐబస్‌ను ఎంచుకుని, లాగౌట్ అయి మళ్లీ లోపలికి రావాలి. ఇది చేయకుండా తెలుగు రావడం లేదని చాలామంది తికమకపడతారు. ఐబస్ ప్రిఫరెన్సులలో తెలుగు కింద ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతులు కనిపిస్తాయి. లేఖిని అలవాటున్న చేతికి ఆర్‌టీఎస్ వెంటనే కుదురుతుంది. విండోస్ గుర్తున్న మీట, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లీషు, తెలుగుల మధ్య మారవచ్చు.

అసలు భారం బ్రౌజరు

మారిన తొలి వారంలో చాలామందికి కలిగే నిరాశ ఒకటుంది. యంత్రం చకచకా తెరుచుకుంటుంది, ఫైళ్లు వెంటనే వస్తాయి, కానీ పది వెబ్‌పేజీలు తెరవగానే మళ్లీ పాత కథే. కారణం సూటిగా ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒక జీబీకి లోపే ర్యామ్ వాడుతుంది, వీడియోలూ ప్రకటనలూ నిండిన కొద్ది పేజీలు అంతకు రెట్టింపు వాడేస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్ తేలికైనంత మాత్రాన వెబ్ తేలికపడదు.

అందుకే ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పొడిగింపును తప్పకుండా వేయండి. ప్రకటనలు దించుకోకపోవడం వల్ల ర్యామ్, నెట్ రెండూ మిగులుతాయి. వార్తల వెబ్‌సైట్లలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తరువాత చదువుదామని ట్యాబులు తెరిచి ఉంచే అలవాటును బుక్‌మార్కులకు మార్చుకోండి.

యూట్యూబు విషయం కాస్త లోతుగా అర్థం చేసుకోవాలి. యూట్యూబు ఇప్పుడు వీడియోలను ఎక్కువగా వీపీ9, ఏవీ1 రూపాల్లో పంపుతుంది. ఇంటెల్ 2వ తరం నుంచి 4వ తరం వరకు ఉన్న గ్రాఫిక్సు చిప్పులకు హెచ్.264 రూపాన్ని సొంతంగా విప్పే శక్తి ఉంది గాని వీపీ9, ఏవీ1లను విప్పే శక్తి లేదు. అప్పుడు ఆ పని మొత్తం ప్రాసెసరు మీద పడి, ఫ్యాను హోరెత్తి, వీడియో ఆగి ఆగి సాగుతుంది. హెచ్264ఇఫై అనే పొడిగింపు వేసుకుంటే యూట్యూబు హెచ్.264లోనే పంపుతుంది. వీడియో నాణ్యతను 480 లేదా 720 దగ్గర ఉంచితే కోర్ ఐ3 యంత్రం కూడా పాఠాలను సాఫీగా ఆడిస్తుంది. ఇంట్లో పిల్లలు ఆన్‌లైన్ పాఠాలకు ఈ యంత్రాన్ని వాడేట్లయితే ఈ ఒక్క మార్పును మరవవద్దు.

నిలబెట్టుకోవడం

అప్‌డేట్ మేనేజరు గుర్తు కింది పట్టీలో ఎప్పుడూ కనిపిస్తుంది. వారానికి ఒకసారి దానిని తెరిస్తే చాలు, విండోస్‌లాగా పని మధ్యలో యంత్రాన్ని తనంతట తాను ఆపదు. కొత్త కర్నెల్ (లినక్స్ మూల భాగం) వచ్చాక వైఫై గాని తెర గాని మొరాయిస్తే, యంత్రం మొదలయ్యేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో పాత కర్నెల్‌ను ఎంచుకుని తెరవవచ్చు. అందుకే కనీసం ఒక పాత కర్నెల్‌ను తీసివేయకుండా ఉంచండి.

టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది, మీ ఫొటోలను, పత్రాలను కాదు. వాటికోసం మింట్‌లోనే ఉన్న బ్యాకప్ టూల్‌తో నెలకొకసారి హోమ్ ఫోల్డరును బయటి డిస్కులోకి నకలు చేసుకోండి.

ఎక్కడైనా చిక్కుకుంటే, తెర మీద వచ్చిన లోపపు సందేశాన్ని ఉన్నదున్నట్టుగా ఇంగ్లీషులో వెతకండి. మింట్ ఉబుంటు మీద ఆధారపడినది కనుక ఉబుంటు 24.04కు చెప్పిన పరిష్కారాలు చాలావరకు దీనికీ వర్తిస్తాయి. మనిషి సాయం కావాలంటే, హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రచారం చేస్తోంది. ఇంజనీరింగు కళాశాలల్లో గ్లగ్ పేరుతో ఉండే లినక్స్ విద్యార్థి బృందాలు కూడా స్థాపనలో చేయూతనిస్తాయి. వారి దగ్గరకు వెళ్లేటప్పుడు ప్రాసెసరు పేరు, ర్యామ్, బయోస్ మోడ్ రాసుకున్న ఆ మొదటి కాగితాన్ని, బ్యాకప్ చేసిన డిస్కును వెంట తీసుకువెళ్లండి.

22వ శ్రేణిలో 22.1, 22.2 వంటి కొత్త విడుదలలు వచ్చినప్పుడు మళ్లీ పెన్‌డ్రైవ్ అవసరం లేదు. అప్‌డేట్ మేనేజరులోని ఎడిట్ మెనూలో అప్‌గ్రేడ్ వరుస కనిపిస్తుంది. టైమ్‌షిఫ్ట్‌తో ఒక స్నాప్‌షాట్ తీసుకుని దానిని నొక్కండి.